మాంటిస్సోరి బడిలో సీటు: లాటరీ తేల్చిన సంగతి

అమెరికాలో చాలా ఊళ్ళలో ప్రభుత్వ బడుల్లోనే మాంటిస్సోరి తరగతులు ఉన్నాయని, చాలా చోట్ల ఫీజు కూడా లేదని, కాకపోతే లాటరీలో పేరొస్తేనే సీటు దొరుకుతుందని చెబితే మనవాళ్ళు రెండు సార్లు ఆశ్చర్యపోతారు. మాంటిస్సోరి అంటే డబ్బున్నవాళ్ళ పిల్లలు వెళ్ళే బడి అని మనకు అలవాటైపోయింది కాబట్టి, ప్రభుత్వ బడిలో మాంటిస్సోరి ఏమిటన్నది మొదటి ఆశ్చర్యం. మూడేళ్ళ పిల్లల చదువుతో జూదమేమిటన్నది రెండోది. ఈ రెండో మాట హేతువాద మిత్రుల నోటి నుంచి కూడా విన్నాను. అందుకే ఈ వ్యాసం.

నా మటుకు నాకు, సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు లాటరీ కన్నా నిజాయితీ గల పద్ధతి ఇంకోటి కనిపించలేదు. అది ఒక్కటే అయితే ఇంత రాయనక్కరలేదు. మాంటిస్సోరి పద్ధతి నిజంగా పనిచేస్తుందా, లేక అది కూడా ఇంకో నమ్మకమేనా అన్న ప్రశ్నకు వందేళ్ళ పాటు సరైన జవాబు లేదు. ఆ జవాబు దొరకడం మొదలైంది ఈ దరఖాస్తుల వల్ల, ఈ లాటరీల వల్లనే. ఎలాగో చూద్దాం.

మొదటి మాంటిస్సోరి బడిలో సీటు ఎలా వచ్చేదో చాలామందికి తెలియదు. రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే పేటలో 1907 జనవరి 6న అది మొదలైంది. అది కూలీలు, పనిలేనివాళ్ళు ఉండే పేట. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాత భవనాలను బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోతే ఒంటరిగా మిగిలిన పిల్లలు మెట్ల మీదా గోడల మీదా ప్రతాపం చూపిస్తున్నారు. ఎలాగూ మరమ్మతులకు ఖర్చయ్యే డబ్బుతో ఆ పిల్లలను ఒక గదిలో పెట్టి చూసుకుంటే పోతుందని సంస్థ అధిపతి ఎదువార్దో తలామో లెక్కవేశాడు. ఆ పని ఒక డాక్టరుకి అప్పజెప్పాడు. ఆవిడే మరియా మాంటిస్సోరి. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పుచ్చుకుని, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో కొన్నేళ్ళు పనిచేసిన మనిషి.

అంటే ప్రపంచ ప్రఖ్యాతమైన ఈ విద్యావిధానం గోడలకి సున్నం ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టింది. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. మంచి పనులు చాలా ఇలాగే మొదలవుతాయి.

ఆ బడికి దరఖాస్తు లేదు. ఆ భవనంలో అద్దెకుంటే చాలు, మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. కానీ గోడ మీద నియమాల పట్టిక ఒకటి వేలాడేది. ఆ నియమాలను మాంటిస్సోరి తన పుస్తకంలో అచ్చువేసింది కూడా. పిల్లలను శుభ్రంగా కడిగి, వేళకి పంపాలి. వారానికొకసారి తల్లి వచ్చి టీచరుతో మాట్లాడాలి. మురికిగా వచ్చినా, మాట వినని పిల్లలని తేలినా, తల్లిదండ్రులు బడివాళ్ళకి మర్యాద ఇవ్వకపోయినా పేరు కొట్టేస్తారు. ఉచితమే గాని హక్కు కాదన్నమాట. ఇల్లుగలాయన దయ. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత జరిగింది మన బాబాల చరిత్ర చదివినవాళ్ళకి కొత్తగా అనిపించదు. నాలుగేళ్ళ పేదపిల్లలు ఎవరూ బలవంతపెట్టకుండానే రాసేస్తున్నారని, చదివేస్తున్నారని వార్తలు పాకాయి. చూడడానికి దేశదేశాల నుంచి జనం వచ్చారు, చూసి పరవశించి వెళ్ళి రాశారు. అమెరికాలో 1911 నుంచి ఒక పత్రిక వరుసగా వ్యాసాలు వేసింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రపంచ ప్రదర్శనలో గాజు గోడల తరగతి గది కట్టి, లోపల పిల్లలు పనిచేసుకుంటుంటే జనం బయట కూర్చుని చూశారు. కళ్ళారా చూశాం అనేదే రుజువు. విభూతి రాలడం కూడా కళ్ళారా చూసినవాళ్ళున్నారు కదా!

అయితే 1914లోనే కొలంబియా విశ్వవిద్యాలయపు విలియం కిల్పాట్రిక్ అనే ఆచార్యుడు ఒక చిన్న పుస్తకం రాసి, ఈ పద్ధతి వెనకున్న మనస్తత్వశాస్త్రం పాతబడిపోయిందని తీర్పు చెప్పాడు. అమెరికాలో మాంటిస్సోరి మోజు కొద్ది సంవత్సరాల్లో చల్లబడడానికి ఆ పుస్తకం పెద్ద కారణం. మన మిత్రులు కొందరు ఇది సంశయవాదం గెలుపు అంటారేమో. నేను ఒప్పుకోను. పొగిడినవాళ్ళు పరీక్ష పెట్టలేదు, తిట్టిన కిల్పాట్రిక్ కూడా పెట్టలేదు. ఒక పెద్దమనిషి అభిప్రాయం మీద ఇంకో పెద్దమనిషి అభిప్రాయం గెలిచింది, అంతే.

ఇంతకీ మనదేశానికి ఇది ఎలా వచ్చింది? 1939 నవంబరులో మద్రాసులోని అడయారుకి, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలుపు మీద మాంటిస్సోరి వచ్చింది. టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. 1940 జూన్ లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆవిడా, కొడుకు మారియో బ్రిటిష్ వారికి శత్రుదేశస్తులైపోయారు. కొడుకుని నిర్బంధ శిబిరానికి పంపారు. ఆగస్టు 31న ఆవిడ 70వ పుట్టినరోజుకి కానుకగా వైస్రాయి అతన్ని విడుదల చేశాడు. ఆవిడ 1946 దాకా మనదేశంలోనే ఉండిపోయింది. వెయ్యిమందికి పైగా టీచర్లు ఆవిడ దగ్గర తయారయ్యారు. మధ్యలో కొడైకెనాల్ లో ఉన్న కాలంలో 'విశ్వ విద్య' అనే ఆలోచనని విస్తరించింది. అందులో సైన్సు ఎంతో, అడయారు గాలి ఎంతో విడదీయడం కష్టం.

దివ్యజ్ఞానుల ఇంట్లో పెరిగిన పద్ధతి కాబట్టి దీన్ని కొట్టిపారేద్దామా? అలా చేస్తే మనం కూడా జాతకం చూసి సంబంధం వద్దన్నవాళ్ళతో సమానం. ఒక పద్ధతి ఎవరింట్లో పుట్టిందన్నది దాని ఫలితానికి రుజువూ కాదు, ఖండనా కాదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో కలిసి ఉంటారు, తమకు కావలసిన పని తామే ఎంచుకుంటారు, తప్పు చేస్తే వస్తువే చూపిస్తుంది గాని టీచరు బెత్తం కాదు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుతారు. (మనం బియ్యంలో దిద్దించేదీ అదే పని. వాళ్ళకి ముహూర్తం అక్కర్లేదు, అదొక్కటే తేడా.) ఇది పనిచేస్తుందా లేదా అన్నది పరీక్షించదగిన ప్రశ్న.

గాంధీ 1931లో లండన్ లో మాంటిస్సోరిని కలిసినప్పుడు, ఇది ధనవంతుల పిల్లలకే కాక నిరుపేదల పిల్లలకీ అందాలని కోరాడు. పేదల పేటలో పుట్టినదాని గురించి పాతికేళ్ళు తిరక్కుండానే అలా కోరవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. అమెరికాలో కూడా అంతే. అక్కడ ఇది మళ్ళీ తలెత్తింది 1958లో, కనెక్టికట్ రాష్ట్రంలో గ్రీనిచ్ అనే సంపన్నుల ఊళ్ళో, ఫీజులు కట్టే ప్రైవేటు బడిగా. పైగా 'మాంటిస్సోరి' అన్న పేరు ఎవరి సొత్తు అని రెండు సంఘాల మధ్య తగవు వస్తే, ఆ మాట ఒక పద్ధతికి సాధారణ నామం, ఏ ఒక్కరి వ్యాపార చిహ్నమూ కాదని 1967లో అక్కడి ట్రేడ్ మార్కు అధికారులు తేల్చారు. మన ఊళ్ళలో సంగతి సరేసరి. బోర్డు మీద మాంటిస్సోరి అని ఉంటుంది, లోపల ఎల్.కె.జి. పిల్లలు వరుసగా బెంచీల మీద కూర్చుని ఎక్కాలు వల్లిస్తుంటారు.

మరి అది ప్రభుత్వ బడుల్లోకి ఎలా వచ్చింది? విద్యావేత్తలు సంతకాలు సేకరించడం వల్ల కాదు. జాతి విభజన మీద పోరాటం వల్ల.

నల్లజాతి పిల్లలకీ తెల్లవాళ్ళ పిల్లలకీ వేరువేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పినంత మాత్రాన కలుస్తారా? పేటలు వేరు, కాబట్టి బడులూ వేరు. బస్సుల్లో ఈ పేట పిల్లల్ని ఆ పేటకి తరలించమని కోర్టులు ఆదేశిస్తే తెల్లవాళ్ళు గొడవలు చేశారు, శివార్లకి తరలిపోయారు. అప్పుడు కొన్ని నగరాలు వేరే ఉపాయం పన్నాయి. బలవంతాన పంపే బదులు, రెండు జాతుల తల్లిదండ్రులూ తమంతట తామే పిల్లల్ని పంపేలా ఆకర్షణ ఉన్న బడులు పెట్టడం. వాటికి అయస్కాంత బడులని పేరు: మాగ్నెట్ స్కూల్స్. ఒకచోట సైన్సు, ఒకచోట జర్మన్ భాష, ఒకచోట మాంటిస్సోరి. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో 1975లో మొదలైన శాండ్స్ బడి, దేశంలో మొట్టమొదటి ప్రభుత్వ మాంటిస్సోరి ప్రాథమిక పాఠశాల. మనదేశంలో అంగన్ వాడీలు మొదలైందీ అదే ఏడాది.

అలా ఉచితమైన సీటు మళ్ళీ వచ్చింది. దానితో పాటు కొత్త సమస్య: ఎవరికివ్వాలి? తెల్ల, నల్ల పిల్లల నిష్పత్తి కుదరాలి. మిగిలినదంతా క్యూ. సిన్సినాటిలో చాలాకాలం మాగ్నెట్ బడుల్లో కొన్ని సీట్లు ముందొచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో ఇచ్చారు. తల్లిదండ్రులు బడి ముందు గుడారాలు వేసుకుని రోజుల తరబడి, చలిలో పడిగాపులు కాశారు. సినిమా మొదటిరోజు టిక్కెట్ల కోసం కాదు, ఒకటో తరగతి లోపు సీటు కోసం! చూడడానికి క్యూ ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ పదిరోజులు ఉద్యోగానికి సెలవు పెట్టి గుడారంలో కూర్చోగలిగేది ఎవరు? రెండు పూటలా రెండు చోట్ల పనిచేసుకునే తల్లి కూర్చోగలదా? చివరికి 2010ల దశకంలో ఆ నగరం కూడా లాటరీకి మారింది. ఈలోగా 2007లో సియాటిల్ కేసులో సుప్రీంకోర్టు, ఒక్కో పిల్లవాడి జాతి చూసి సీటు ఇవ్వడాన్ని చాలావరకు కట్టడి చేయడంతో, ఏ వివక్షని పోగొట్టడానికి ఈ బడులు పెట్టారో దాన్ని నేరుగా చూసే వీలు కూడా తగ్గిపోయింది.

ఇప్పుడు లాటరీ చేసిన రెండో మేలు గురించి. ఒక మాంటిస్సోరి బడి పిల్లలు బాగా చదువుతున్నారనుకోండి. ఆ ఘనత పద్ధతిదా, తల్లిదండ్రులదా? మూడేళ్ళ పిల్లకి బడి వెతికి, కాగితాలు పోగుచేసి, గడువు లోపల దరఖాస్తు పెట్టే తల్లి ఇంట్లో పుస్తకాలు కూడా ఉంటాయి. ఆ పిల్ల ఏ బడికెళ్ళినా చదువుతుందేమో. హోమియోపతి మాత్రలు వేసుకున్నాక జలుబు తగ్గిందన్నంత రుజువే ఇది. కానీ లాటరీ జరిగిన చోట దరఖాస్తు పెట్టినవాళ్ళంతా ఒకే రకం, అందరూ కోరుకున్నారు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు, ఆ తేడా పూర్తిగా కాకతాళీయం. కొత్త మందుని పరీక్షించేటప్పుడు సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టే. ఎవరూ ప్రయోగం చేద్దామని అనుకోలేదు. సీట్లు చాలక ప్రయోగం దానంతటది జరిగిపోయింది.

దీన్ని పట్టుకున్నది ఏంజెలిన్ లిలార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఆవిడా నికోల్ ఎల్స్-క్వెస్ట్ కలిసి మిల్వాకీ నగరంలో లాటరీలో గెలిచి ప్రభుత్వ మాంటిస్సోరి బడిలో చేరిన 59 మందినీ, ఓడి వేరే బడుల్లో చేరిన 53 మందినీ పోల్చి 2006లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఐదేళ్ళ పిల్లల్లో మాంటిస్సోరివాళ్ళు అక్షరాలు, పదాలు గుర్తించడంలో, చిన్న లెక్కల్లో ముందున్నారు. ఆటస్థలంలో తోపులాట తక్కువ. ఇద్దరికి ఒకే వస్తువు కావలసి వస్తే న్యాయం గురించి మాట్లాడి సర్దుకోవడం ఎక్కువ. పన్నెండేళ్ళవాళ్ళకి వచ్చేసరికి కథ రాయడంలో వాక్యాల పొందిక, ఊహ బాగున్నాయి గాని చదువు పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కోరికను కాసేపు ఆపుకోగలగడంలో ఐదేళ్ళవాళ్ళకీ తేడా కనపడలేదు. ఒకటే బడి, కొద్దిమంది పిల్లలు. లిలార్డ్ అంతకుముందే మాంటిస్సోరిని సమర్థిస్తూ పుస్తకం రాసిన మనిషి అన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

లెక్కలో వేసుకునే ఇంకొంచెం ముందుకెళదాం. హార్ట్ ఫర్డ్ నగరంలో లాటరీకి వెళ్ళిన 141 మందిని మూడేళ్ళు గమనించి 2017లో రాసిన వ్యాసంలో, మాంటిస్సోరి బడుల్లో పేద, ధనిక పిల్లల మధ్య చదువులో అంతరం తగ్గిందని తేలింది. 2025లో వచ్చిన పెద్ద అధ్యయనం దేశంలో 24 ప్రభుత్వ మాంటిస్సోరి బడులు, 588 మంది పిల్లల మీద జరిగింది. కిండర్ గార్టెన్ ముగిసేసరికి లాటరీ గెలిచినవాళ్ళు చదవడంలో, జ్ఞాపకశక్తిలో, ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడంలో ముందున్నారు. మూడేళ్ళకి కలిపి ఒక్కో పిల్లకి సుమారు 13 వేల డాలర్లు తక్కువే ఖర్చయింది. ఒక్కో టీచరు దగ్గర ఎక్కువమంది పిల్లలుండడం దానికి ముఖ్య కారణం. అద్భుతాలేమీ లేవు. మధ్యరకం లాభం, తక్కువ ఖర్చు. 1911 నాటి పరవశాలకీ ఈ పొడి అంకెలకీ మధ్య ఏది ఎంచుకుంటారని నన్నడిగితే చెప్పనక్కర్లేదు.

లాటరీ అన్నీ నయం చేస్తుందని నేననను. లాటరీ తిరిగే డబ్బాలో పేరు పడాలి ముందు. దరఖాస్తులు చలికాలంలో తీసుకుంటారు, చేరేది ఆగస్టులో. మూడేళ్ళ పిల్లకి బడి గురించి ఎనిమిది నెలల ముందు ఆలోచించమని పేదవాళ్ళకి ఎవరు చెబుతారు? వయసు దాటాక చేర్చాలంటే చాలాచోట్ల అంతకుముందు మాంటిస్సోరి చదివి ఉండాలంటారు, అంటే ప్రైవేటులో డబ్బు కట్టినవాడు వెనక తలుపు నుంచి రావచ్చు. అన్నో అక్కో అదే బడిలో ఉంటే ముందు వరస. మీరా డెబ్స్ అనే పరిశోధకురాలు 2019లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాసింది. నల్లజాతి, లాటినో పిల్లల కోసం పెట్టిన బడుల్లోకి మధ్యతరగతి తెల్లవాళ్ళు ఎలా నిండిపోతున్నారో అందులో చూపించింది. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి ప్రభుత్వ బడులు 500కి పైగా ఉన్నాయి.

మా దూరపు బంధువుల అమ్మాయి కూడా అక్కడ ఈ దరఖాస్తు పెట్టింది. జనన ధృవపత్రం, చిరునామాకి కరెంటు బిల్లు, టీకాల కాగితం, మూడు బడుల పేర్లు వరుసలో. లాటరీలో రాలేదు, వెయిటింగ్ లిస్టులో 37వ నంబరు వచ్చింది. ఇక్కడ వాళ్ళత్తగారు 101 కొబ్బరికాయలు మొక్కుకున్నారు. ఆగస్టులో సీటొచ్చింది, కాయలు కొట్టారు. ముందున్న 36 మందిలో ఎవరెవరు ఊరు మారారో, ఎవరు వేరే బడి చూసుకున్నారో ఎవరూ అడగలేదు. 38వ నంబరు వాళ్ళు కూడా ఏదో దేవుడికి మొక్కుకునే ఉంటారు. కాకతాళీయం అన్న మాటకి మన ఇళ్ళలో విధి అని అర్థం, ఎంత చెప్పినా అంతే.

మనదేశంలోనూ ఈ లాటరీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ లో 2022-23 నుంచి గాని అమలు మొదలవలేదు, తెలంగాణలో చట్టం వచ్చి పదేళ్ళు దాటినా కదలలేదు. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బడిలో చేర్చుకోవడానికి వడపోత పెట్టకూడదని 13వ సెక్షను చెబుతుంది. వడపోత అంటే ఏమిటి? లాటరీలాంటి యాదృచ్ఛిక పద్ధతి తప్ప, ఒక పిల్లని కాదని ఇంకో పిల్లని ఎంచుకునే ఏ పద్ధతైనా అని రెండో సెక్షను నిర్వచించింది. మూడేళ్ళ పిల్లకి ఇంటర్వ్యూ, తల్లిదండ్రుల డిగ్రీలు అడగడం, సిఫార్సు ఉత్తరం, అన్నీ ఇందులోకే వస్తాయి. శాన్ లోరెంజో గోడ మీది పట్టిక కూడా.

ఇక లాటరీ నుంచి నిజం తేల్చుకోవడం అంటారా, అది మన పల్లెల్లో ఇప్పటికే జరిగింది. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 5 జిల్లాలు, 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం నడిపారు. ప్రభుత్వ బడి పిల్లల్లో దరఖాస్తు పెట్టినవారికి లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ళ తర్వాత గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ తెలుగులో తేడా లేదు, లెక్కల్లో లేదు, సైన్సు, సాంఘికాల్లో లేదు. ఏ ఇంగ్లీషు కోసం అప్పులు చేసి ప్రైవేటు బస్సు ఎక్కిస్తున్నామో ఆ ఇంగ్లీషులోనూ లేదు. అప్పట్లో ప్రభుత్వ బడిలో చెప్పని హిందీ ఒక్కటే ప్రైవేటు పిల్లలకి ఎక్కువ వచ్చింది. ఒక్కో పిల్లకి అయిన ఖర్చు మాత్రం ప్రైవేటు బడిలో మూడో వంతు కన్నా తక్కువ. 2015లో అచ్చయిన ఈ ఫలితాల్ని మా వీధిలో పిల్లల బడి మార్చబోతున్న ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు. జూన్ లో మార్చేశారు.